చెహోవ్ ఉత్తరాలతో పద్నాలుగు నెలలు: నా అనుభవం

"ఇంటికి రాగానే ఆముదం తాగాను, చన్నీళ్ళతో ముఖం కడుక్కున్నాను, ఇక ఇప్పుడు కొత్త నాటకమైనా రాసేయొచ్చు."

ఈ ఒక్క వాక్యం తెలుగులో పెట్టడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. 1896 అక్టోబరు 22న రష్యన్ రచయిత, వృత్తికి డాక్టరు అయిన చెహోవ్ తన పల్లెటూరి ఇల్లు మెలిఖొవొ నుంచి తన ప్రచురణకర్త సువోరిన్‌కి రాసిన ఉత్తరంలోది. నేను ముందు చూసిన ఇంగ్లీషు అనువాదంలో చన్నీళ్ళ స్నానం అని ఉంది, నేనూ అలాగే రాసుకున్నాను. తర్వాత రష్యన్ మూలం తెరిచి డిక్షనరీ పక్కన పెట్టుకుని చూస్తే అక్కడున్న క్రియ స్నానానిది కాదు, పొద్దున్నే లేచి ముఖం, చేతులు కడుక్కోవడానికి వాడే మాట. చిన్న తేడానే, కానీ నాకు మనిషి మారిపోయాడు. తన నాటకం 'సీగల్' అందరి ముందూ చిత్తుగా ఓడిపోయాక ఇంటికొచ్చి, కడుపు శుభ్రం చేసుకుని, ముఖం మీద నీళ్ళు కొట్టుకుని నిలబడ్డ ఒక డాక్టరు కనిపించాడు. "రాసేయొచ్చు" దగ్గర ఇంకో రెండు రోజులు ఆగాను. "రాయడానికి సిద్ధంగా ఉన్నాను" అంటే ప్రతిజ్ఞలా ఉంది. మూలంలో అంత బిగువు లేదు, మనం "ఇప్పుడు ఇంకో పది కిలోమీటర్లయినా నడిచేస్తా" అన్నట్టుంది. ఆ "అయినా" దొరికాకే వాక్యం కుదిరింది.

అసలు ఈ పని ఎందుకు మొదలుపెట్టానో చెప్పాలి. నా మొదటి కథల పుస్తకం వచ్చిన రెండు నెలలకి ఒక సమీక్ష వచ్చింది. రాసింది ఎవరో, ఎక్కడో ఇక్కడ అనవసరం. "ఈ కథల్లో మనుషులు లేరు, రచయిత మంచితనం మాత్రమే ఉంది" అని ఒక వాక్యం ఉంది అందులో. అడిగినవాళ్ళందరికీ "పర్లేదు, ఎవరి అభిప్రాయం వాళ్ళది" అని చెప్పాను. ఒక్క స్నేహితుడికి మాత్రం నిజం చెప్పాను, ఆ వాక్యం నా తలలోంచి పోవడం లేదని, పెన్ను పట్టుకుంటే ముందు అదే వినిపిస్తోందని. అప్పటికి ఐదు నెలలుగా ఒక్క పేజీ రాయలేదు.

ఆ రోజుల్లో నాకు ఊరటగా ఉన్నది ఒక కొటేషన్. విమర్శకులు జోరీగల్లాంటివాళ్ళు, గుర్రాన్ని పొలం దున్ననివ్వరు అని చెహోవ్ అన్న మాట. తెలుగులో జోరీగ అనగానే వేమన పద్యం గుర్తొస్తుంది కాబట్టి, చెప్పులో రాయి, కంట్లో నలుసు, కాలి ముల్లు అన్నీ కలిసి ఆ మాట ఇంకా బాగా అతుక్కుంది నాకు. కాగితం మీద రాసి బల్ల ముందు గోడకి అంటించుకున్నాను. అంత పెద్దాయన విమర్శని లెక్కచెయ్యలేదు, నేనెందుకు చెయ్యాలి అని.

ఆ స్నేహితుడు దాన్ని చూసి, ఇది ఏ ఉత్తరంలోది అని అడిగాడు. నాకు తెలియదు. వెతకడం మొదలుపెట్టాను, దొరకలేదు. ఎందుకంటే అది ఉత్తరంలోది కాదు, చెహోవ్ చనిపోయాక తోటి రచయిత గోర్కీ రాసిన జ్ఞాపకాల్లోది. పైగా అక్కడ ఆ మాట పక్కనే ఇంకో మాట ఉంది. పాతికేళ్ళుగా నా కథల మీద వచ్చిన విమర్శలు చదువుతున్నాను, పనికొచ్చే మాట ఒక్కటీ గుర్తులేదు, ఒక్క స్కబిచెవ్‌స్కీ మాత్రం నా మీద ముద్ర వేశాడు, నేను తాగి కంచె కింద పడి చస్తానని రాశాడు అని. అది 1886లో తన కథల సంపుటి మీద వచ్చిన సమీక్ష. జోరీగలు అని చేత్తో విదిలించిన మనిషికి పదేళ్ళు దాటినా ఆ సమీక్షలో మాట పోలేదు. ఆ కాగితం గోడ మీంచి తీసేశాను. మరి ఉత్తరాల్లో ఏమన్నాడో చూద్దాం అనుకున్నాను. అలా మొదలైంది.

రష్యన్‌లో 1974 నుంచి 1983 మధ్య వచ్చిన ముప్ఫై సంపుటాల సమగ్ర ప్రచురణలో పన్నెండు సంపుటాలు ఉత్తరాలే, దాదాపు 4,400. అవన్నీ చేసే శక్తి నాకు లేదు. పేరు రావడం గురించి, పొగడ్త గురించి, తిట్టు గురించి, ఇతరుల రాతల్ని తను ఎలా చూశాడో దాని గురించి మాట్లాడినవి ఏరితే 58 తేలాయి. నాకు రష్యన్ అక్షరాలు కూడబలుక్కుని చదవడం, డిక్షనరీ చూడటం వచ్చు, అంతే. ఇంగ్లీషు అనువాదం ఒక పక్క, మూలం ఒక పక్క పెట్టుకుని చేశాను. అనుమానం వచ్చిన చోట్లన్నీ ఒక చీటీ మీద రాసుకుని, రష్యన్ బాగా వచ్చిన ఒకావిడని అడిగే అలవాటు చేసుకున్నాను. ఆవిడ వారానికి ఒక గంట ఇచ్చేవారు. ఒక నియమం మాత్రం మొదట్లోనే పెట్టుకున్నాను: తేదీల వరుస తప్పకూడదు, ఉత్తరం ముక్క చెయ్యకూడదు. నచ్చిన రెండు లైన్లు తీసుకుని మిగతాది వదిలేస్తే మళ్ళీ గోడకి అంటించిన కాగితమే అవుతుంది.

నోట్‌బుక్‌లో కుడి పేజీ చెహోవ్‌కి, ఎడమ పేజీ అవతలి మనిషికి అని విడదీశాను. అంటే ఆ ఉత్తరానికి కారణమైన ఉత్తరం దొరికితే ఎడమ వైపు రాయాలని. ఇది నేను చేసిన మంచి పని అని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఎందుకో తర్వాత చెప్తాను.

మొదటి చిక్కు "నువ్వు", "మీరు". ఇంగ్లీషులో ఆ తేడా లేదు కాబట్టి నేను ముందు చేసిన పది ఉత్తరాల్లో నా ఇష్టం వచ్చినట్టు పెట్టేశాను. సువోరిన్ అంత దగ్గరివాడు కదా, మనసు విప్పి రాసేది అతనికే కదా అని "నువ్వు" అని రాశాను. మూలం చూస్తే అక్కడున్నది "మీరు". ఏళ్ళ తరబడి, ఎంత చనువు వచ్చినా, డబ్బు గురించి రాసినా ఆరోగ్యం గురించి రాసినా "మీరు" అనే. సువోరిన్ వయసులో పాతికేళ్ళకు పైగా పెద్ద, పెద్ద పత్రిక యజమాని, ఈయన పుస్తకాలు వేసేవాడు. అన్న అలెగ్జాండర్‌కి మాత్రం "నువ్వు". గోర్కీ తనకంటే చిన్నవాడైనా "మీరు". పది ఉత్తరాలూ మొదటి నుంచి తిరగరాశాను. క్రియలన్నీ మారాయి, వాటితో గొంతు కూడా మారింది. "నన్ను ఎందుకు తిడుతున్నావు" వేరు, "నన్ను ఎందుకు కోప్పడుతున్నారు" వేరు. రెండో దానిలో ఒక మనిషి కుర్చీలో నిటారుగా కూర్చుని బాధ చెప్పుకుంటున్నాడు.

కాలక్రమంలో మొదట వచ్చేది గ్రిగరోవిచ్ ఉత్తరం. 1886 మార్చి 25న రాశాడు. అప్పటికి ఆయన అరవై దాటిన పేరున్న రచయిత, చెహోవ్‌కి ఇరవై ఆరు, ఇంటి ఖర్చు కోసం హాస్య పత్రికలకి అంతోషా చెహొంతె అనే మారుపేరుతో కుప్పలుగా రాసి పడేస్తున్న కుర్ర డాక్టరు. మీలో నిజమైన ప్రతిభ ఉంది, హడావిడి రాత మానండి, సొంత పేరు పెట్టుకోండి అని ముక్కూమొహం తెలియని పెద్దాయన రాశాడు. నా నోట్‌బుక్‌లో ఎడమ పేజీ నిండిన మొదటి చోటు అదే. మార్చి 28న చెహోవ్ జవాబు. మీ ఉత్తరం నన్ను పిడుగులా తాకింది, దాదాపు ఏడ్చేశాను అని మొదలవుతుంది. నాకు గౌరవించదగ్గ ప్రతిభ ఉంటే దాన్ని ఇంతవరకూ నేనే గౌరవించలేదు అంటాడు. ఒక్క కథ మీద కూడా రోజుకి మించి పని చేసిన గుర్తు లేదు, మీకు నచ్చిన 'వేటగాడు' కథ స్నానాల గుడిసెలో కూర్చుని రాశాను, విలేకరులు అగ్నిప్రమాదాల వార్తలు రాసినట్టు యాంత్రికంగా, సగం స్పృహతో రాశాను అని ఒప్పుకుంటాడు. మాస్కోలో నాకు వందల మంది పరిచయస్తులు ఉన్నారు, అందులో ఇరవై మంది దాకా రాసేవాళ్ళే, నన్ను చదివిన మనిషి గానీ నాలో కళాకారుణ్ణి చూసిన మనిషి గానీ ఒక్కడూ గుర్తు రావడం లేదంటాడు. చివర్లో మీ ఫోటో ఒకటి పంపించండి అని అడుగుతాడు.

ఆ ఫోటో అడిగిన చోట నేను చాలాసేపు ఆగిపోయాను. పేరు కావాలని ఆరాటపడే మనిషి తన ఫోటో పంపిస్తాడు, ఈయన అవతలివాళ్ళది అడిగాడు. తనని చూసిన మొదటి మనిషి ముఖం ఎలా ఉంటుందో చూడాలని.

కీర్తి, ఖ్యాతి, పేరు, ప్రతిష్ఠ. తెలుగులో ఇన్ని మాటలు ఉన్నాయి, ఏ ఉత్తరంలో ఏది పడుతుందో చాలా కుస్తీ పట్టాను. చివరికి ఎక్కువ చోట్ల "పేరు" మిగిలింది. "కీర్తి" అనగానే శాలువా, దండ వచ్చేస్తున్నాయి. చెహోవ్ ఈ మాటల్ని చేతికి తేలిగ్గా పట్టుకుని రాస్తాడు. అదే 1886లో అన్న నికొలాయ్‌కి రాసిన పొడుగాటి ఉత్తరం ఉంది, సంస్కారం ఉన్న మనుషులు ఎలా ఉంటారో వరసగా చెప్తాడు. పేరున్నవాళ్ళతో పరిచయం లాంటి నకిలీ వజ్రాల వెంట వాళ్ళు పడరు, నిజమైన ప్రతిభ ఎప్పుడూ గుంపులో, చీకట్లో కూర్చుంటుంది అని. అక్కడే ఖాళీ పీపా నిండు పీపా కంటే ఎక్కువ చప్పుడు చేస్తుందని నీతికథల కవి క్రిలోవ్ చెప్పిన మాట ఎత్తుతాడు. మనకి నిండు కుండ తొణకదు అని సిద్ధంగా ఉంది, చెయ్యి దానిమీదికే పోయింది. కానీ పెట్టలేదు. మన సామెత నిండు కుండని మెచ్చుకుంటుంది, చెహోవ్ ఖాళీ పీపా చప్పుడు గురించి అన్నని హెచ్చరిస్తున్నాడు. పీపాని పీపాగానే ఉంచాను.

పేరు వస్తే ఏమవుతుందో 1888 అక్టోబరు ఉత్తరాల్లో కనిపిస్తుంది. 'సంధ్యలో' అనే సంపుటికి పుష్కిన్ బహుమతిలో సగం, అయిదు వందల రూబుళ్ళు, ఆయనకి వచ్చింది. అక్టోబరు 10న సువోరిన్‌కి రాస్తూ ఆ వార్త మా ఇంటి మీదా మాస్కో మీదా పిడుగులా పోయింది, ఈ రోజులన్నీ ప్రేమలో పడ్డవాడిలా తిరుగుతున్నాను, అమ్మా నాన్నా ఏదేదో మాట్లాడేస్తున్నారు, చెల్లెలు స్నేహితురాళ్ళ ఇళ్ళకి తిరిగి అందరికీ చాటుతోంది అంటాడు. సంతోషాన్ని దాచుకోలేదు. సరిగ్గా పది రోజుల తర్వాత ఇంకో రచయితకి, నేను రాసినవన్నీ అయిదు పదేళ్ళలో మర్చిపోతారు, నేను వేసిన దారులు మాత్రం మిగులుతాయి, అదొక్కటే నా గొప్ప అని రాస్తాడు. చిన్న పత్రికల్లో రాసేవాళ్ళకి పెద్ద పత్రికల తలుపు తెరుచుకోవడం గురించి అది. రెండో ఉత్తరం ఒక్కటే చదివితే ఎంత వినయమో అనిపిస్తుంది. మొదటిది ఒక్కటే చదివితే ఎంత మురిసిపోయాడో అనిపిస్తుంది. రెండూ పది రోజుల తేడాతో ఒకే మనిషివి, రెండూ నిజమే.

"విమర్శ" అనే మాటతో కూడా ఇబ్బంది పడ్డాను. మనకి సాహిత్య విమర్శ అన్నా విమర్శే, "నన్ను విమర్శించాడు" అన్నా విమర్శే, రెండోది తిట్టుకి మర్యాదపేరు. చెహోవ్ దగ్గర ఆ గీత ఎక్కడుందో తేల్చేది 1890 ఏప్రిల్ 10న 'రూస్కయ మీస్ల్' పత్రిక సంపాదకుడు లావ్రోవ్‌కి రాసిన ఉత్తరం. ఆ పత్రిక ఆయన్ని నియమం లేని రచయితల్లో కలిపేసింది. మామూలుగా విమర్శకి జవాబు ఇవ్వరు, కానీ ఇది విమర్శ కాదు, అపనింద అంటాడు. దానికి కూడా ఊరుకునేవాణ్ణేమో, కానీ కొద్ది రోజుల్లో రష్యా వదిలి చాలా కాలం వెళ్ళిపోతున్నాను, తిరిగి రాకపోవచ్చు కూడా, అందుకే ఆపుకోలేకపోతున్నాను అని రాస్తాడు. ఆ నెల 21న నిజంగానే బయల్దేరాడు, ఖైదీల దీవి సఖలీన్‌కి. నియమం లేని రచయితగా, అంటే ఒక్క మాటలో చెప్పాలంటే నీచుడిగా, నేను ఎప్పుడూ లేను అనే వాక్యం చేసేటప్పుడు నా చెయ్యి వణికింది. ఇంత కోపంగా రాసిన ఉత్తరం 58లో ఇంకోటి లేదు. రెండేళ్ళకి ఇద్దరూ రాజీపడ్డారు, 'ఆరో నంబరు వార్డు' 1892లో ఆ పత్రికలోనే వచ్చింది. నాకు ఇది చాలా నచ్చింది. కోపాన్ని మింగలేదు, మోసుకునీ తిరగలేదు.

అదే నెల ఒకటో తారీఖున సువోరిన్‌కి రాసిన ఉత్తరం నాకు నేరుగా తగిలింది. గుర్రాల దొంగల మీద కథ రాస్తే, మంచీ చెడూ పట్టనట్టు రాశావని సువోరిన్ అన్నట్టున్నాడు. గుర్రాలు దొంగిలించడం తప్పని నేను చెప్పాలంటారు, అది నేను చెప్పకముందే అందరికీ ఎప్పుడో తెలుసు కదా, తీర్పు జ్యూరీ వాళ్ళు చెప్పుకోనివ్వండి, వాళ్ళు ఎలాంటి మనుషులో చూపించడం నా పని అంటాడు. "రచయిత మంచితనం మాత్రమే ఉంది" అని నా పుస్తకం మీద వచ్చిన వాక్యం మళ్ళీ వినిపించింది, ఈసారి వేరే గొంతుతో. సమీక్షకుడు నన్ను అవమానించడానికి కాకుండా నిజంగా ఏదో చూసి అన్నాడేమో అని మొదటిసారి అనిపించింది ఈ ఉత్తరం తెలుగు చేస్తున్నప్పుడే. నా పుస్తకం తీసి మూడు కథలు చదివాను. రెండింటిలో చివరి పేరా మొత్తం నేను తీర్పు చెప్పడమే. పెన్సిల్‌తో కొట్టేసి చూసుకున్నాను. కథలకి ఏమీ తగ్గలేదు.

"అన్నట్టున్నాడు" అని ఎందుకు రాశానంటే, సువోరిన్ ఏం రాశాడో మనకి తెలియదు. చెహోవ్ పోయాక సువోరిన్ తను రాసిన ఉత్తరాలన్నీ కుటుంబం దగ్గర్నుంచి వెనక్కి తీసేసుకున్నాడు, వాటి జాడ తర్వాత లేదు. చెహోవ్ తనకొచ్చిన ఉత్తరాలు ఎంత జాగ్రత్తగా దాచేవాడో, చెల్లెలు మరియాతో కలిసి ఏటా సర్ది కట్టలు కట్టేవాడో చదివాక ఇది ఇంకా బాధేసింది. పక్కగదిలో ఎవరో ఫోన్లో మాట్లాడుతుంటే ఒక వైపే వినిపించినట్టు ఉంటాయి ఈ ఉత్తరాలు. "కాదు", "అలా కాదు", "మీరు మూడుసార్లు అన్నారు" అని వస్తుంటుంది, అవతల ఏమన్నాడో మనం ఊహించుకోవాలి. నా నోట్‌బుక్‌లో సువోరిన్ పేరున్న ఎడమ పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. ఆ పేజీలు కలిపేసి కాగితం పొదుపు చెయ్యొచ్చు అనిపించింది గానీ, అలాగే ఉంచాను. ఆ ఖాళీ కనిపిస్తుంటే నేను కుడి పేజీలో అతిగా వివరించడం మానేశాను.

ఇక 'సీగల్' సంగతి. ఈ భాగానికే మూడు నెలలు పట్టింది. 1896 అక్టోబరు 17న పీటర్స్‌బర్గ్ అలెగ్జాండ్రిన్‌స్కీ థియేటర్లో మొదటి ప్రదర్శన. ఆ రాత్రి లెవ్‌కేయెవ అనే హాస్యనటి సన్మాన ప్రదర్శన కూడా, ఆవిడని చూసి నవ్వుకోవడానికి వచ్చిన జనమే ఎక్కువ. ఆవిడ ఈ నాటకంలో లేనే లేదు. నవ్వకూడని చోట నవ్వారు, గోల చేశారు. చెహోవ్ మధ్యలో తెర వెనక్కి వెళ్ళిపోయాడు, రాత్రి రెండింటి దాకా సువోరిన్ ఇంటికి చేరలేదు. ఇంకో ఏడు వందల ఏళ్ళు బతికినా నాటకం ఇవ్వను అన్నాడని సువోరిన్ డైరీలో రాసుకున్నాడు.

మర్నాడు, 18న, వెళ్ళిపోయేముందు మూడు చీటీలు రాశాడు. నేను వాటిని ఒకే రోజు, ఒకదాని తర్వాత ఒకటి తెలుగు చేశాను. సువోరిన్‌కి: నాటకాల అచ్చు ఆపండి, నిన్నటి సాయంత్రం ఎప్పటికీ మర్చిపోను, అయినా నిద్ర బాగానే పట్టింది, ఇక నాటకాలు రాయను, ఆడించను. తమ్ముడు మిఖాయిల్‌కి: నాటకం ఢామ్మని పడిపోయింది, హాల్లో అయోమయం, సిగ్గు, నటులు ఘోరంగా చేశారు, నీతి ఏంటంటే నాటకాలు రాయకూడదు, నేను మాత్రం బతికే ఉన్నాను, ఆరోగ్యంగా ఉన్నాను. చెల్లెలికి: నిన్న జరిగినదానికి నేను పెద్దగా బాధపడలేదు, రిహార్సళ్ళు చూసి ముందే సిద్ధపడ్డాను, మెలిఖొవొకి వచ్చేటప్పుడు లీకాని (వాళ్ళ స్నేహితురాలు) కూడా తీసుకురా.

ఒకే పొద్దున, ఒకే పెన్ను. చెల్లెలి చీటీ ఒక్కటే మిగిలి ఉంటే చెహోవ్ చలించలేదని అందరం రాసుకునేవాళ్ళం. చెల్లెలు కంగారుపడకూడదని అలా రాశాడని పక్కన మిగతా రెండూ ఉంటే గానీ తెలియదు. అందరికీ "పర్లేదు" అని, ఒక్కడికి నిజం చెప్పిన నా ఐదు నెలలు గుర్తొచ్చి ఆ రోజు ఇంకేమీ చెయ్యలేకపోయాను.

నాలుగు రోజులకి 22న ఆముదం ఉత్తరం. సువోరిన్ ఈయన్ని పిరికివాడని అన్నట్టున్నాడు. ఎందుకీ నింద, నేను శుభ్రంగా భోంచేశాను, హాయిగా పడుకున్నాను, పెళ్ళి అడిగి కాదనిపించుకున్న మనిషికి అక్కడినుంచి వెళ్ళిపోవడం తప్ప ఏం మిగులుతుంది, నేనూ అంతే బుద్ధిగా వచ్చేశాను అని జవాబు. మొదట చదివినప్పుడు నేనీ ఉత్తరాన్ని అక్షరాలా నమ్మాను. నవంబరు 11న న్యాయవేత్త కోనీకి రాసింది చేశాక కానీ అర్థం కాలేదు. కోనీ నాటకం బాగుందని తనంతట తాను రాశాడు. దానికి జవాబుగా, రెండు అంకాలే హాల్లో కూర్చుని చూశాను, తర్వాత తెర వెనక కూర్చున్నాను, సిగ్గేసింది, ఇన్ని లోపాలున్న నాటకం రాశానంటే నాకు సున్నితత్వమే పోయింది, నా చిన్న యంత్రం పూర్తిగా పాడైపోయింది అనుకున్నాను, మీ ఉత్తరం చూశాక కుదుటపడ్డాను అని చెప్తాడు. "నా చిన్న యంత్రం" అన్న మాట నోటి మీద చెయ్యి పెట్టుకుని చదివాను. పెన్ను పట్టుకోలేని ఐదు నెలలూ నేను అనుకున్నది అదే, ఆ మాట నాకు దొరకలేదంతే.

అదే నాటకం 1898 డిసెంబరు 17న మాస్కో ఆర్ట్ థియేటర్లో గెలిచింది, అది అందరికీ తెలిసిందే. దాని మీద నేను ఎక్కువ సమయం పెట్టలేదు.

నేను ఊహించని సంతోషం గోర్కీకి రాసిన ఉత్తరాల్లో దొరికింది. ఇక్కడ చెహోవే విమర్శకుడు. 1898 డిసెంబరు 3న, నా లోపాలు చెప్పమంటే ఎలా, ప్రతిభలో లోపాల గురించి మాట్లాడటం తోటలో పెరుగుతున్న పెద్ద చెట్టులో లోపాల గురించి మాట్లాడినట్టు, అసలు విషయం చెట్టు కాదు, చూసేవాడి రుచి అంటూనే, చెప్పాల్సింది చెప్పేస్తాడు: మీకు నిగ్రహం లేదు, నాటకంలో ఆనందం పట్టలేక అరిచి తనకీ పక్కవాళ్ళకీ వినపడనివ్వని ప్రేక్షకుడిలా ఉన్నారు. మరుసటి ఏడు సెప్టెంబరులో ఇంకా సూటిగా, విశేషణాలు కొట్టెయ్యండి అంటాడు. "మనిషి గడ్డి మీద కూర్చున్నాడు" అంటే చాలు, వెంటనే అర్థమవుతుంది. దానికి బదులు "పొడుగ్గా, ఇరుకు ఛాతీతో, మధ్యస్థమైన ఎత్తుతో, ఎర్ర గడ్డం ఉన్న మనిషి, బాటసారులు అప్పటికే తొక్కేసిన పచ్చ గడ్డి మీద చప్పుడు చెయ్యకుండా, బెరుగ్గా, భయంభయంగా చుట్టూ చూస్తూ కూర్చున్నాడు" అంటే మెదడుకి బరువు అని. పొడుగు, మధ్యస్థమైన ఎత్తు రెండూ ఒకే మనిషికి ఎలా అని నేను తప్పు చేశాననుకుని మూడుసార్లు చూశాను, ఆవిడకి కూడా చూపించాను. మూలంలో రెండూ ఉన్నాయి. సరిదిద్దకుండా ఉంచాను. మొదటి వాక్యం మాత్రం రష్యన్‌లో ఎన్ని మాటలో తెలుగులోనూ అన్నే మాటల్లో వచ్చింది, నాలుగు. ఆ రోజంతా ఏదో పండినట్టు తిరిగాను.

ఆ ఉత్తరం దెబ్బ కొట్టేదే. అయినా ఎంతసేపు కూర్చుని చదివితే ఆ దెబ్బ అంత సరిగ్గా పడుతుందో ఆ గడ్డి వాక్యం చూస్తే తెలుస్తుంది. నా పుస్తకం మీద వచ్చిన సమీక్షని మళ్ళీ తీసి చదివాను. నన్ను పొడిచిన వాక్యం కింద, ఇదివరకు నేను చూడని ఇంకో వాక్యం ఉంది, ఫలానా కథలో ముసలామె గిన్నెలు కడిగే దృశ్యం ఒక్కటే బతికి ఉందని. ఆ దృశ్యం నేను ఒక్క విశేషణం లేకుండా రాసింది.

58 ఉత్తరాలూ అయ్యాయి. ఆవిడ ఒకసారి మొత్తం విన్నారు, ఇంకో ఇరవై చోట్ల గుర్తులు పెట్టారు, అవీ సరిచేశాను. ఒక్కటి మాత్రం ఇంకా తేలలేదు. 1896 డిసెంబరు 14న, అంటే ఆ రాత్రి జరిగిన రెండు నెలలకి, ఆముదం తాగి లేచానన్న అదే సువోరిన్‌కి మళ్ళీ రాస్తూ, అక్టోబరు 17న ఓడిపోయింది నాటకం కాదు అంటాడు. ఎవరితో స్నేహంగా మనసు విప్పి మాట్లాడానో, నిశ్చింతగా కలిసి భోంచేశానో, వాళ్ళ ముఖాలు ఆ రాత్రి మొదటి అంకంలోనే వింతగా మారిపోయాయి అంటాడు. నాటకం కాదు మరి ఏం ఓడిపోయింది? రష్యన్ మాటకి డిక్షనరీ "వ్యక్తిత్వం" అని ఇస్తోంది. తెలుగులో వ్యక్తిత్వం ఓడిపోయింది అంటే శీలం పోయినట్టు ఉంటుంది, అది కాదు. "నేను" అంటే మరీ తేలిపోతోంది. ఆవిడ "మనిషి" అంటున్నారు. ప్రస్తుతానికి "ఓడిపోయింది నాటకం కాదు, మనిషిగా నేను" అని పెన్సిల్‌తో రాసి ఉంచాను. సిరా ఇంకా పెట్టలేదు.